పదిరోజుల ఫ్యాన్

కింది ఊరు, సర్వర్ గది రోజువారీ పుస్తకం. రాస్తున్నది స్వరూప, మొదటి షిఫ్టు.

దిగిన ఏడు 63, రోజు 144

బ్యాటరీలకు నీళ్ళు పోశాను. ఫిల్టర్ల మీద బొగ్గుదుమ్ము పాతచీర గుడ్డతో తుడిచాను. గదిలో వేడి ముప్పై ఒకటి. పైన ఎండ యాభై ఎనిమిది. ఈ సర్వర్ రాసిన పెద్దసారు ఫొటోకి దండ మార్చాను.

ఇంతకు మించి ఈ పుస్తకంలో రాయకూడదని కమిటీ రూలు. ఫిర్యాదులు రాస్తే చదివినవాళ్ళు భయపడతారట. చదివేదెవరు? పదకొండేళ్ళుగా నేను తప్ప ఎవరూ దీన్ని తెరవలేదు. కాబట్టి రాస్తాను.

పొద్దున లస్మక్క వచ్చింది. మొన్న ఆమె మొగుడు గట్టయ్య గుండె ఆగి పోయాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, చేతిలో ట్యాబ్లెట్.

“చెల్లె, మా ఆయన ఫ్యాన్ తిరుగుతలేదే. నిన్నటిదాక మంచిగనే తిరిగింది. నేనేం తప్పు జేసిన్నో, ఆయనకు కోపమొచ్చినట్టుంది” అంది.

పైన బతికిన రోజుల్లో మనిషి పోయిన చోట పది రోజులు దీపం పెట్టేవాళ్ళట. గనిలో గ్యాసుంటుంది, నిప్పు ముట్టించకూడదు. అందుకని దిగిన మొదటి ఏడు నుంచే దీపం బదులు, బతికుండగా ఆ మనిషికి గాలిచ్చిన ఫ్యాన్. మనిషి పోయిన గంటలోనే చుట్టాలంతా తమతమ ట్యాబ్లెట్లలో ఆ మనిషి ఫ్యాన్ నడిపే పేజీ తెరుచుకుంటారు, పదో రోజు దాకా మూయరు. రోజూ పొద్దున స్నానం చేసి ఒకటో నంబరు నొక్కుతారు. తొమ్మిది నంబర్లలో ఒకటి అన్నిటికంటే నెమ్మది. ఖాళీ గదిలో ఫ్యాన్ మెల్లగా తిరుగుతూ ఉండాలి. ఆగితే అరిష్టం.

“ఏం కాదక్కా, ఒక్కోసారి అంటుకోదు. మళ్ల నొక్కు. తిరిగేదాక నొక్కు” అన్నాను.

“మా మరుదులు, తోడికోడండ్లు సుత నొక్కచ్చా?”

“అందరిని నొక్కమను.”

ఆమె దండం పెట్టి వెళ్ళింది. నేను టీ తాగాను.

రోజు 145

బ్యాటరీలు సరే. వేడి ముప్పై రెండు.

శంకరవ్వ వచ్చింది. మూడో గనిలోకి నీళ్ళు రావడంతో పోయిన నెల మన దగ్గరికి వచ్చిన మూడువందల పదకొండు మందిలో ఒకామె. మొగుడు బుర్ర ఓదెలు, డ్రిల్లు పట్టిన మనిషి, ఊపిరితిత్తుల నిండా దుమ్ము. డాక్టరమ్మ ఆయనకి తొమ్మిదో నంబరు రాసింది. కానీ సర్వర్‌లో ఉన్నవి నాలుగువేల తొంభై ఆరు పేజీలే, అన్నీ నిండిపోయాయి. ఎవరైనా పోతేనే ఇంకొకరికి చోటు. అందుకని నెల రోజులు ఈమే ఆయన గదిలో ఫ్యాన్‌ని చేతి చక్రంతో తిప్పింది. నిన్ననే పేజీ వచ్చింది. పేజీ వచ్చిన సంతోషంలో నిన్న నాకు రెండు సజ్జరొట్టెలు తెచ్చి ఇచ్చింది కూడా.

“బిడ్డా, పొద్దుగాల ఫ్యాన్ ఉన్నట్టుండి పడిపోయింది. తొమ్మిది మీద ఉన్నది ఒకటికి దిగింది. నేను మళ్ల తొమ్మిది పెడితి. మళ్ల ఒకటి. పెడితే దిగుడు, పెడితే దిగుడు. ఆయన మొకం నల్లగైపోయింది.”

ఇద్దరం వెళ్ళాం. అప్పటికి తొమ్మిది మీదే తిరుగుతోంది. మోటారు చూశాను, వైరు చూశాను. ఏ తప్పూ లేదు. “మళ్ల దిగితే నువ్వు చక్రం పట్టుకో చిన్నమ్మా, నేను సర్వర్ చూస్త” అని వచ్చేశాను.

రోజు 146

వేడి చూడలేదు. దండ మార్చలేదు.

దొరికింది. దొరికిన దగ్గర్నుంచి నా ఒళ్ళు మండిపోతోంది.

పొద్దున సర్వర్ మెమరీని తెర మీద తెరిచి కూర్చున్నాను. ఓదెలు పేజీ ఉన్న చోటు 2217. ఆరున్నరకి అందులో తొమ్మిది పోయి ఒకటి పడింది. ఆ ఒకటి ఓదెలు గది నుంచి రాలేదు, గట్టయ్య గది నుంచి వచ్చింది. రెండు నిమిషాలకి ఇంకోటి, గట్టయ్య మరదలి ట్యాబ్లెట్ నుంచి. తర్వాత వరసగా పన్నెండు. పొద్దున్నే స్నానాలు చేసి, చేతులు జోడించి, పోయినాయన పేరు తలుచుకుని వాళ్ళంతా ఓదెలు గాలి తగ్గిస్తున్నారు. తిరిగేదాకా నొక్కమని నేనే కదా చెప్పింది.

2217 అంతకుముందు గట్టయ్యది. ఆయన పోయాడని మొన్న గుమస్తా రాయగానే సర్వర్ ఆ చోటు ఖాళీ అయిందని ఓదెలుకి ఇచ్చేసింది. ఇచ్చేముందు, ఈ చోటు ఎవరి చేతుల్లోనైనా ఇంకా తెరిచి ఉందా అని చూడలేదు. చూడదు. పెద్దసారు సర్వర్ రాసిన ఆ పాత కంప్యూటర్ భాషకి ఆ అలవాటే లేదు. ఏ చోటు ఎవరిదో, ఎవరు వదిలేశారో, అంతా రాసిన మనిషే గుర్తు పెట్టుకోవాలి. మనుషులు మర్చిపోరని నమ్మి చేసిన భాష అది! మర్చిపోని మనిషిని ఎవరైనా చూశారా?

ఇంకో సంగతి కూడా ఇవాళే తెలిసింది. పోయినవాళ్ళ ఫ్యాన్ అరవై మూడేళ్ళుగా తిరిగిందంటే ఈ తప్పు వల్లే. ఖాళీ చేసిన చోటులో పాత రాతలు చెరగకుండా ఉండిపోయేవి. ఆ చోటు కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు కాబట్టి పది రోజులూ అలాగే పడి ఉండేది. మూడో గనివాళ్ళు వచ్చాక చోటు ఒక పూట కూడా ఖాళీగా ఉండటం లేదు.

మధ్యాహ్నం కమిటీ పెద్ద మొండయ్య సారు గదికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టకుండానే విన్నాడు.

“అరవై మూడేండ్లు నడిచింది స్వరూపా. పెద్దసారు కన్న నీకెక్కువ ఎర్కనా?”

“నడవలే సారూ, నడిపించినం. ఏడాదికి మూడు అతుకులు నేనే ఏసిన.”

అవన్నీ ఆయనకి తెలుసు. నాలుగేళ్ళ కింద ఒకాయన కొడుక్కి తాతముత్తాతల పేర్లన్నీ కలిపి పెట్టాడు. పేరు అరవై నాలుగు అక్షరాలు దాటేసరికి మిగిలింది పక్కచోటులోకి పొర్లి, పక్కింటావిడ ఫ్యాన్ ఆగింది. కమిటీ ఏం చేసింది? పిల్లలకి పొట్టి పేర్లు పెట్టుకోవాలని రూలు చేసింది. పోయినేడు ఒక పేజీ సర్వర్‌ని అడగాల్సిన దానికన్నా ఎక్కువ అక్షరాలు పంపమని అడిగితే, పక్కచోటులో ఉన్న ఎవరిదో డాక్టరు చీటీ మొత్తం బయటపడి ఊరంతా చదివి నవ్వుకున్నారు. దానికి కమిటీ ఏమంది? ఎక్కువ అడగొద్దంది. తప్పు ఎప్పుడూ నొక్కినవాడిదే. భాష మీద మాత్రం ఈగ వాలనివ్వరు.

నేను కొత్త భాషలో సర్వర్ మొత్తం మళ్ళీ రాసి మూడేళ్ళయింది. రాస్తున్నప్పుడు ఆ భాష నాలుగు నెలలు నన్ను ఏడిపించింది. ఈ చోటు ఎవరిది, ఎవరి చేతికిచ్చావు, వాళ్ళు ఎప్పుడు వదిలేస్తారు, ముందు అది చెప్పు, చెప్పకపోతే సర్వర్ తయారే కాదు పొమ్మంది. తిట్టుకుంటూనే రాశాను. రాసింది నా సొరుగులో ఉంది. పాతది ఆపి దాన్ని ఎక్కించడానికి ఆరు గంటలు కావాలి. ఆ ఆరు గంటలూ ఊరంతా చక్రాలు చేత్తో తిప్పుకోవాలి. బతికున్న మనిషి చోటు మార్చాలన్నా అంతే, సర్వర్ ఆపాల్సిందే. ఆపే మీట నా బల్ల పక్కనే ఉంది. కానీ సైరన్ వెయ్యకుండా ఆపితే చక్రం దగ్గర మనుషులుండరు, ముసలివాళ్ళు చచ్చిపోతారు. సైరన్ తాళం మొండయ్య సారు మొలతాడుకి ఉంటుంది.

“ఆరు గంటలు ఊరంత చేతితోని తిప్పాల్నా? మొన్న మొన్న వచ్చిన మూడో గనోల్ల ముందల మన పరువేం గావాలె?”

“వాల్లు నెల సంది చేతితోనే తిప్పుతుండ్రు సారూ.”

ఆయన మొహం ఎర్రబడింది. “గట్టయ్య పదో రోజు కానీ. అటెనుక కూసుండి మాట్లాడుదాం. అందాక నొక్కద్దని లస్మక్కకు చెప్పు, అయిపాయె.”

అయిపాయె అట.

రోజు 147

లస్మక్క ఇంటికి పోయాను. గట్టయ్య ఫొటో ముందు ట్యాబ్లెట్, దాని ముందు చిన్న గిన్నెలో అన్నం. ఎలా చెప్పాలో తెలియక నేరుగా చెప్పాను. నువ్వు నొక్కుతుంటే అవతల ఒక మనిషికి ఊపిరి ఆగుతోంది అని.

ఆమె అన్నం గిన్నె పక్కకి జరిపింది. తర్వాత అంది: “నువ్వే గదా చెల్లె, తిరిగేదాక నొక్కుమన్నవు.”

“నేనే అన్న అక్కా. తప్పయింది.”

“మూడొద్దుల సంది మా ఆయనకు గాలి పెడుతున్న అనుకున్న.” ఏడవలేదు. ట్యాబ్లెట్ తీసుకుని పేజీ మూసేసింది. “మా ఆయన చీకట్ల ఉంటడు ఇగ” అంది.

మిగతావాళ్ళవి కూడా మూయించాలన్నాను.

ఇంకా ఎవరెవరు తెరిచారో వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పదకొండు మంది. ఇద్దరం కలిసి నాలుగు గ్యాలరీలు తిరిగాం. ఒకామె కోప్పడింది, ఒకాయన ఏడ్చాడు, ఒకాయన ఓదెలుకి ఇమ్మని అరటిపండు ఇచ్చాడు. అందరూ మూసేశారు. సాయంత్రానికి నా కాళ్ళు వాచిపోయాయి.

రోజు 148

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఓదెలు కాక గదిలోనే కూర్చున్నాను. ఫ్యాన్ తొమ్మిది మీదే ఉంది. ఒక్కసారి కూడా దిగలేదు.

శంకరవ్వ అరచేతులు చూశాను. నెల రోజులు చక్రం తిప్పి బొబ్బలు చితికి, మానకముందే మళ్ళీ మూడు పొద్దులు తిప్పింది. గుడ్డ చుట్టుకుంది.

ఓదెలు కాకకి జరిగింది చెప్పాను. ఇద్దరికి ఒకే చోటు ఎలా అయిందో వివరించబోతే మధ్యలోనే ఆపేశాడు. ఆయన మాట్లాడితే రెండు మాటలకోసారి దమ్ము తీసుకోవాలి.

“బిళ్ళ సంగతే గదా బిడ్డా. మా లైట్లిచ్చే లాంప్ రూముల పోచయ్య అని ఒకడుండె. అచ్చరం ముక్క రాదు. గనిలకు దిగెటోడు మేకుకున్న తన నంబరు బిళ్ళ తీస్కపోవాలె, ఎక్కినంక తెచ్చి మేకుకు పెట్టాలె. ఆ బిళ్ళ చేతికి రానిది ఆ మేకు ఇంకొకనికి ఇయ్యకపోతుండె. మేనేజరే వచ్చి అడిగినా, బిళ్ళేదీ, అంటుండె.” నవ్వాడు, నవ్వి దగ్గాడు. “మీ పెద్దసారుకు పోచయ్య దొరకలే.”

నాకూ నవ్వొచ్చింది. నా కొత్త భాష చేసేది అదే పని. అక్షరం రాని లాంప్ రూము మనిషికి తెలిసింది, మేం దండలేసి మొక్కే ఆయనకి తట్టలేదు.

“ఇగ భయం లేదు చిన్నమ్మా. అందరు మూసిన్రు. నువ్వు జెర పండుకో” అని చెప్పి వచ్చాను.

రోజు 149

ఓదెలు కాక పోయాడు.

గట్టయ్య చిన్న తమ్ముడు పైన సోలార్ పలకలు తుడిచే పనిలో ఉన్నాడు. ఐదు రోజుల షిఫ్టు. అన్న పోయిన రోజు పేజీ తెరుచుకుని, రెండు రోజులు ఇక్కడే అందరితోపాటు నొక్కి, ట్యాబ్లెట్ ఇంట్లో పెట్టి పైకెళ్ళాడు. మొగుడు పోయిన దుఃఖంలో లస్మక్క అతన్ని లెక్కపెట్టడం మర్చిపోయింది. ఇవాళ పొద్దున అతను దిగాడు. స్నానం చేశాడు. నొక్కాడు. ఫ్యాన్ తిరగలేదు. పైకెళ్ళేముందు తిరిగేదాకా నొక్కమన్నారు కాబట్టి నొక్కుతూనే ఉన్నాడు, నలభై నిమిషాలు.

శంకరవ్వ ఆ టైములో నీళ్ళ లైనులో ఉంది. నెల రోజుల్లో మొదటిసారి ఆయన్ని అంతసేపు ఒంటరిగా వదిలి వెళ్ళింది, నేను భయం లేదన్నానని.

తమ్ముడిని ఏమీ అనను. లస్మక్కని అనను. పన్నెండులో ఒకటి మర్చిపోయింది, అంతే. మనుషులు మర్చిపోతారు. కమిటీ మందు మాత్రం ఇదే: ఎవరూ, ఎప్పుడూ, ఏదీ మర్చిపోకుండా ఉండడం. నాలుగు వేల మంది. అరవై మూడేళ్ళు. థూ.

నన్ను నేను కూడా అంటున్నాను. రెండుసార్లు భరోసా ఇచ్చిన నోరు నాది.

అదే రోజు, రెండో షిఫ్టు

నా షిఫ్టు కాదు. అయినా రాస్తున్నాను.

ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ ఫ్యాన్ మొదట నొక్కేది కమిటీ పెద్ద. మొండయ్య సారు తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. గది నిండా మూడో గనివాళ్ళు, గుమ్మం బయట మనవాళ్ళు. లస్మక్క కూడా ఒక మూల నిలబడి ఉంది. ఓదెలు కాక పేజీ తెరిచి ఉన్న ట్యాబ్లెట్ మంచం పక్కన ఉంది. శంకరవ్వ దాన్ని రెండు చేతులతో తీసి ఆయన ముందు పెట్టింది.

“నొక్కుండ్రి సారూ.”

ఆయన వేలు ముందుకు చాపాడు. చాపిన వేలు అక్కడే ఆగింది. నా వైపు తిరిగాడు.

“స్వరూపా, ఈ చోటు ఇప్పుడు ఎవరిది?”

“నాకెర్క లేదు సారూ. పొద్దుగాలనే గుమస్తా రాసిండు. క్యూల మొదలు ఎవలున్నరో వాల్లకు పోయుంటది.”

“చూసి చెప్పరాదు?”

“ఎందుకు సారూ? అరవై మూడేండ్ల సంది మంచిగ నడుస్తుంది గదా. నొక్కుండ్రి.”

ఆయన వేలు అద్దానికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ నిమిషంలో నాకు తెలిసిపోయింది, ఆయన మొన్ననే నా మాట నమ్మాడు. ప్రతి ముక్కా నమ్మాడు. నమ్మే పదో రోజు దాకా ఆగమన్నాడు. తెలియక చేశాడనుకున్నంతసేపు నాకు కోపమే ఉంది. ఇప్పుడు అసహ్యం కూడా వేసింది.

శంకరవ్వ గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినిపించింది.

“మొన్న మా ఆయన మీద నొక్కచ్చు. ఇయ్యాల నొక్కరాదా సారూ? ఇప్పుడు మా ఆయన లేడనా, ఎవలున్నరో ఎర్క లేదనా?”

మొండయ్య సారు వేలు వెనక్కి తీసుకున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. మొలతాడు నుంచి సైరన్ తాళం తీసి నా చేతిలో పెట్టాడు. నేను థాంక్స్ చెప్పలేదు.

రోజు 150

పొద్దున ఏడింటికి సైరన్ వేశాను. ఇళ్ళలో అందరూ చక్రాల దగ్గరికి వెళ్ళేదాకా అరగంట ఆగాను. డాక్టరమ్మ దగ్గర ముప్పై మంది ముసలివాళ్ళ పేర్లు తీసుకుని, ఒక్కొక్కరికి ఇద్దరు చొప్పున మూడో గనివాళ్ళని పంపాను. వాళ్ళకి చక్రం పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. మనవాళ్ళకే పట్టు తెలియదు, పావుగంటకే చేతులు పీక్కుపోయాయని కేకలు. పక్కన నిలబడి నేర్పింది వాళ్ళే.

ఏడున్నరకి మీట దించాను. అరవై మూడేళ్ళలో మొదటిసారి ఆ మోత ఆగింది. గ్యాలరీల నిండా చక్రాల కిర్రుకిర్రు. పెద్దసారు ఫొటో తీసి బోర్లా పెట్టాను. తర్వాత మనసు మారి మళ్ళీ తగిలించాను. ఆయన రాసిన రోజున ఉన్న భాష అదొక్కటే. దండ మాత్రం ఇక వెయ్యను.

కొత్త సర్వర్ ఐదు గంటల పది నిమిషాల్లోనే లేచింది. ఒక్క ప్రాణానికీ ఏమీ కాలేదు. ఆరు గంటలు అడిగితే ఇన్నాళ్ళూ ఊరు మునిగిపోతుందన్నారు.

2217 ఎవరికి వెళ్ళిందో ఇప్పుడు చూశాను. మూడో గనివాళ్ళ పిల్ల. పదమూడు నెలలు.

ఎక్కించాక పని చేస్తోందో లేదో పరీక్షించాలి. ఓదెలు కాక ట్యాబ్లెట్ అడిగి తెచ్చుకున్నాను. నిన్నటి నుంచి మూయని ఆ పేజీలో ఒకటో నంబరు నొక్కాను. తెర మీద ఒక వాక్యం వచ్చింది. దాన్ని రాసింది నేనే, మూడేళ్ళ కింద, ఎవరి కోసమో తెలియకుండా.

“ఈ మనిషి ఇప్పుడు లేరు. మీరు నొక్కింది ఎవరికీ వెళ్ళలేదు.”

ఈ ఒక్క మాట చెప్పగలిగే సర్వర్ మూడేళ్ళు నా సొరుగులో పడి ఉంది. ఇంత చిన్న మాట. ఇది గట్టయ్య తమ్ముడికి కనిపించి ఉంటే కళ్ళు తుడుచుకుని ట్యాబ్లెట్ పక్కన పెట్టేవాడు, శంకరవ్వ నీళ్ళ బిందెతో ఇంటికొచ్చి మొగుడికి టీ పెట్టేది.

ట్యాబ్లెట్ తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. శంకరవ్వకి చదువు రాదు, చదివి వినిపించాను.

“నిజమే చెప్పింది” అంది. “మొదటనే చెప్తే అయిపోతుండె.”

ఆమె ఓదెలు కాక గదిలో చక్రం తిప్పుతోంది. ఖాళీ మంచం మీద ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. సర్వర్ లేచి రెండు గంటలయింది, ఊళ్ళో అందరూ చక్రాలు వదిలేశారు. ఆమె పక్కన లస్మక్క కూర్చుని ఉంది, తన వంతు కోసం. ఇది అయ్యాక ఇద్దరూ గట్టయ్య గదికి వెళ్తారట. పది రోజులూ చేత్తోనే తిప్పుతారట, ఏ పేజీ అక్కర్లేకుండా.

శంకరవ్వ చేతి గుడ్డ మళ్ళీ తడిసింది. లే చిన్నమ్మా అని చక్రం నేను పట్టుకున్నాను.